వామన వృక్షాలు: చవక మొక్కతో మొదలైన చరిత్ర



పళ్లెమంత తొట్టిలో మూరెడు ఎత్తున నిలబడి, చూపులకు నూరేళ్ల మానులాగా కనిపించే చెట్టును మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. పూల ప్రదర్శనలోనో, పట్నంలో చుట్టాలింటి వసారాలోనో చూసి ముచ్చటపడి ఉంటారు. జపాను వారు దానిని బోన్సాయి అంటారు. ‘బోన్’ అంటే పళ్లెం, ‘సాయి’ అంటే నాటుట. మనవారు వామన వృక్షమని పేరు పెట్టుకున్నారు. పేరు చక్కగా కుదిరింది. వామనుడిలాగే చూడటానికి పొట్టి. లోపల ఉన్నది మాత్రం త్రివిక్రముడే. ఆ చెట్టు గింజను తీసి పొలం గట్టున వేస్తే అందరు చెట్లలాగే మానై కూర్చుంటుంది. దాని జాతి పొట్టిది కాదు, పెంపకం పొట్టిది.

ముచ్చటపడిన తరువాత ధర అడుగుతాము. వేలల్లో చెబుతారు. అక్కడినుంచి రెండు దారులు. కొందరు ‘ఇది మనబోటి వాళ్ల పని కాదులే’ అని వెనక్కు తిరుగుతారు. మరికొందరు అప్పో సప్పో చేసి కొని తెచ్చుకొని, రోహిణి కార్తె ఎండలకు దానిని పోగొట్టుకొని, ఇక ఆ మాట ఎత్తరు. ఈ రెండు దారులూ వద్దు. నేర్చుకునేవాడు ఏ చెట్టుతో మొదలుపెట్టవలెను, దానికి ఎంత ఖర్చు పెట్టవలెను అన్న ప్రశ్నకు ఈ విద్య చరిత్రలోనే జవాబు ఉన్నది. అందుకని ముందు చరిత్ర చెప్పుకుందాము. తరువాత మన తెనాలి, బాపట్ల, రేపల్లె గట్ల మీదికి వద్దాము.

ఈ విద్య పుట్టిల్లు చైనా. అక్కడ జాంగ్‌హువాయ్ అనే రాకుమారుని సమాధి గోడల మీద క్రీ.శ. 706 నాటి చిత్రాలున్నాయి. వాటిలో పరిచారకులు చిన్న చిన్న రాళ్లు, మొక్కలు పెట్టిన పళ్లేలను చేతులతో పట్టుకొని వస్తూ కనిపిస్తారు. అంటే 1,300 ఏళ్లనాటికే పళ్లెంలో చెట్టు పెట్టుట వారికి తెలుసునన్నమాట. బౌద్ధ భిక్షువుల రాకపోకలతోపాటు ఈ అలవాటు జపానుకు చేరింది. అక్కడ 1309 నాటి ఒక బొమ్మల చుట్టలో తొట్టి చెట్లు కనిపిస్తాయి.

జపాను వారి పాత నో నాటకాలలో ‘హాచి నో కి’ అని ఒకటి ఉన్నది. తొట్టిలో చెట్లు అని దాని అర్థం. కథ మన రైతులకు నచ్చే కథ. త్సునెయో అని ఒక యోధుడు. బంధువులు భూములు కాజేయగా పూరిపాకలో బ్రతుకుతున్నాడు. ఒక మంచు రాత్రి దారి తప్పిన సన్యాసి తలుపు తట్టాడు. పెట్టటానికి ఉడికించిన కొర్రలో సామలో తప్ప లేవు. చలి కాచుకుందామంటే కట్టెపుల్ల లేదు. ఆ ఇంట్లో మిగిలిన సిరి ఒక్కటే: తొట్టెల్లో పెంచుకున్న మూడు చెట్లు. ఒకటి రేగుపండు వంటి పండ్లు కాసే ఉమె, ఒకటి చెర్రీ, ఒకటి దేవదారు జాతి పైను. అతిథి చలికి వణకకూడదని ఆ మూడింటినీ నరికి మంటవేశాడు. ఆ సన్యాసి మారువేషంలో ఉన్న ఏలిక హోజో తోకియోరి. తరువాత ఆయన ఆ యోధుని పిలిపించి, పోయిన భూములు తిరిగి ఇప్పించి, పైపెచ్చు ఆ మూడు చెట్ల పేర్లున్న మూడు ఊళ్లను బహుమానం చేశాడు.

ఈ కథలో మనం గమనించవలసినది ఒకటున్నది. ఉమె, చెర్రీ, పైను మూడూ వారి ఊళ్లలో దొరికే చెట్లే.  ఉన్నదంతా పోయినవాడి దగ్గర కూడా మిగిలాయి కాబట్టి వాటి విలువ రూకలలో లేదు, పెంచిన చేతిలో ఉన్నది.

మొదట్లో ఈ చెట్లను ఎవరూ తయారు చేయలేదు. కొండ చరియలలో, రాతి పగుళ్లలో మట్టి తక్కువై, గాలి ఎక్కువై, వాటంతటవే గిడసబారిన చెట్లను తవ్వి తెచ్చేవారు. అటువంటి కొండచెట్టును జపానులో ‘యమదోరి’ అంటారు. తవ్వగా తవ్వగా కొండలు బోసిపోయాయి. అప్పుడు గింజ వేసి, కొమ్మ నాటి, అంటుకట్టి పెంచుట నేర్చుకున్నారు. ఇది గుర్తుంచుకోండి, రేపల్లె మాట వచ్చినప్పుడు మళ్లీ పనికివస్తుంది.

జపానులో షికోకు దీవిలో తకమత్సు అనే పట్టణమున్నది. దాని పక్కన కినాషి, కొకుబుంజి అనేవి సేద్యపు పల్లెలు. అక్కడివారు సుమారు 200 ఏళ్ల కిందట సముద్రపుటొడ్డున మొలిచిన పైను మొక్కలను తవ్వి తొట్టెలలో పెట్టి అమ్మటం మొదలుపెట్టారు. నేడు జపానులో తయారయ్యే పైను బోన్సాయిలలో నూటికి 80 వంతులు ఆ ప్రాంతానివేనని చెబుతారు. చేసేది రైతులే. మనం మిరప వేసినట్లు పొలంలో సాళ్లు తీసి పైను మొక్కలు నాటి, ఏళ్ల తరబడి నేలలోనే కత్తిరిస్తూ వంచుతూ పెంచుతారు. మొదలు లావెక్కిన తరువాతనే తొట్టిలోకి మారుస్తారు. కాబట్టి ‘ఇది షావుకార్ల సరదా, కాడి పట్టినవాడికెందుకు?’ అనేవారికి కినాషి పొలాలే సమాధానం.

టోక్యో నగరంలోని వామన వృక్షాల పెంపకందారులు 1923 నాటి మహా భూకంపం తరువాత ఊరు విడిచి, మంచి నీరు, మంచి గాలి వెతుక్కుంటూ ఓమియాకు పోయి 1925లో ఒక పల్లెనే కట్టుకున్నారు. హిరోషిమా మీద 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినప్పుడు, అది పడిన చోటుకు సుమారు రెండు మైళ్ల దూరంలో, ఒక పెంపకందారుని ఇంటి గోడ చాటున, ఒక తెల్లపైను చెట్టు బ్రతికి బయటపడింది. అది 1625 నుంచీ తొట్టిలో పెరుగుతున్న చెట్టు. 1976లో ఆ కుటుంబం దానిని అమెరికాకు కానుకగా ఇచ్చింది. నేటికీ వాషింగ్టనులో ఉన్నది. తరం తరువాత తరం ప్రతి రోజూ నీళ్లు పోస్తే గాని ఒక తొట్టి చెట్టు 400 ఏళ్లు బ్రతకదు. ఆ వయసును డబ్బుతో ఒక్క రోజులో కొనవచ్చునేమో గాని, ఆ అలవాటును మాత్రం కొనలేము. చవక మొక్కతో మొదలుపెట్టమనటంలో ఉన్న కిటుకు ఇదే. మొదట కావలసినది చెట్టు కాదు, చేతికి అలవాటు.

ఇక మన దేశం సంగతి. మనది తొట్టి చెట్ల సంప్రదాయం కాదు, నీడ చెట్ల సంప్రదాయం. క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే అశోకుడు బాటల వెంట మనుషులకూ పశువులకూ నీడకోసం మర్రి చెట్లు నాటించినట్లు స్తంభ శాసనంలో చెప్పుకున్నాడు. మన తాతలు చెరువు గట్టున రావి వేశారు, దొడ్లో చింత వేశారు. చెట్టును పెద్దది చేయటమే మనకు తెలుసు. చిన్నదిగా నిలపటం ఇప్పుడు నేర్చుకుంటున్నాము. అయినా మొలకను గుర్తుపట్టే కన్ను, వేరు తెగితే ఏమవుతుందో తెలిసిన చేయి మనకున్నాయి. నారు పీకి నాట్లు వేసే రైతుకు వేరు కత్తిరించుట కొత్త విద్య కాదు గదా!

మన మూడు ఊళ్లలో చవకగా దొరికేవి ఏవి? వరుసగా చూద్దాము.

మొదటిది గోడమీది రావి. తెనాలి పాత వీధుల్లో తలెత్తి చూడండి. మేడ పిట్టగోడల మీద, గుడి గోపురాల మీద, కాలవ వంతెనల రాళ్ల సందుల్లో రావి, మర్రి, జువ్వి మొలకలు వేలాడుతూ ఉంటాయి. కాకులు, గోరువంకలు పండ్లు తిని రెట్టవేస్తే ఆ గింజలు మొలిచినవి అవి. మట్టి లేనిచోట ఏళ్ల తరబడి బ్రతికి, మొదలు ఊరి, ఆకు చిన్నబడి ఉంటాయి. కొండ చరియ చేసిన పనిని ఇక్కడ మన గోడ చేసింది. ఇది మన యమదోరి. దానిమీద ఖర్చు నిచ్చెన వేసుకునే శ్రమ ఒక్కటే.

ఇందులో ఇంకొక మేలున్నది. ఆ మొలకను వదిలేస్తే వేరు ఊరి గోడను చీల్చివేస్తుంది. కొట్టివేద్దామంటే రావి చెట్టు మీద కత్తి వేయటానికి చాలామందికి చేతులు రావు. ఇటు గోడా దక్కక, అటు మనసూ ఒప్పక ఇంటివారు అట్లాగే చూస్తూ కూర్చుంటారు. దానిని తీసి తొట్టిలో పెడితే గోడ నిలుస్తుంది, చెట్టు బ్రతుకుతుంది. అయితే ఇంటివారినో, గుడి పెద్దలనో అడిగి గాని చేయి వేయకూడదు. పాత గుడి కట్టడమైతే మనంతట మనం ఒక్క ఇటుక కదిలించరాదు.

తీసే పద్ధతి చెబుతాను. మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు చినుకులు పడిన తరువాత తీయండి. ముందు రోజు సాయంత్రం పగులులో నీరు పోసి నానబెట్టండి. ఆకులలో మూడు వంతులు కత్తిరించి వేయండి. వేరును గుంజకండి, దొరికినంత వేరుతో పదునైన కత్తితో కోసి, తడి గోనెగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి, ఇసుక, ఇటుక ముక్కలు కలిపిన మట్టిలో నాటండి. మూడు నాలుగు వారాలు నీడన ఉంచితే కొత్త చిగురు వేస్తుంది. మర్రి, రావి జాతులు మొండి జాతులు. కొత్తవాడి పొరపాట్లను ఓర్చుకుంటాయి. వీటిలో సన్న ఆకు జువ్వి దొరికితే ముందు దానినే తీసుకోండి. రావి, మర్రి ఆకులు ఎంత చిన్నబడినా చిన్న తొట్టికి పెద్దవిగానే కనబడతాయి.

రెండవది చింత. దీని పుట్టుక ఆఫ్రికా ఖండం. కాని ఎన్నడో వచ్చి మనదైపోయింది. అరబ్బులు దీనిని తమ ఖర్జూరంతో పోల్చి ‘తమర్ హింద్’, అంటే హిందూదేశపు ఖర్జూరమని పిలిచారు. ఇంగ్లీషువారి పేరు, శాస్త్రజ్ఞుల పేరు కూడా దానినుంచి పుట్టినవే. పచ్చడికి తీసిన చింతగింజలు పారవేయక, ఒక రోజు నానబెట్టి వేస్తే మొలుస్తాయి. ఆకు పుట్టుకతోనే సన్నము. బెరడు తొందరగా ముదురు రంగు దాలుస్తుంది. అందువల్ల మూడు నాలుగేళ్ల చింత మొక్క కూడా వయసుమీరిన చెట్టు పోలిక తెచ్చుకుంటుంది. ఖర్చు సున్న. ఓపిక మాత్రం కావాలి.

మూడవది సీమచింత. పేరులోనే ‘సీమ’ ఉన్నది. ఓడ దిగి వచ్చినది. మెక్సికో ప్రాంతాలది. స్పెయిను వారు ఫిలిప్పీను దీవులకు తెస్తే అక్కడినుంచి మన తీరానికి చేరింది. సామర్లకోటలో 1781 నుంచి 1793 దాకా ఉండి మొక్కలను పరిశోధించిన విలియం రాక్స్‌బర్గు అనే దొర, కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి అచ్చువేసిన గొప్ప గ్రంథంలో దీనిని కూడా వర్ణించాడు. అంటే 200 ఏళ్ల కిందటికే ఇది మన పొరుగు చెట్టన్నమాట. మన ఊళ్లలో దీనిని కంచెగా వేసి ఏటా నరుకుతూ వచ్చారు. నరికిన కొద్దీ మొదలు లావెక్కి, వంకర తిరిగి, తక్కువ ఎత్తులో కొమ్మలు వేసి ఉంటుంది. వామన వృక్షానికి కావలసిన లక్షణాలన్నీ ఆ కత్తిదెబ్బలే ఇచ్చాయి. నేడు పొలాలు ఇండ్ల స్థలాలవుతున్నప్పుడు ఈ కంచెలను పీకి తగులబెడుతున్నారు. ఆ మంటలో పడబోయే మోడును అడిగి తెచ్చుకోండి. ముళ్లుంటాయి, చేతులు జాగ్రత్త.

నాలుగవది కాగితంపూల చెట్టు. బ్రెజిలు దేశపుది. ఫ్రెంచి నావికుడు బూగెన్‌విల్ 1766–69లో ప్రపంచం చుట్టి వచ్చినప్పుడు, ఆయన వెంట ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని గుర్తించాడు. అందుకే నర్సరీలలో బోగన్‌విల్లా అంటారు. బొటనవేలంత లావు ముదురు కొమ్మ కూడా తడి ఇసుకలో వేరు పడుతుంది. పక్కింటివారు కత్తిరించి పారవేసిన కొమ్మ చాలు.

బాపట్ల వైపు వస్తే సరుగుడు. సూర్యలంక దారిన ఇసుక నేలల్లో చూస్తూనే ఉంటారు. ఇదీ వలస వచ్చినదే. 19వ శతాబ్దంలో మన తీరాల వెంట తోటలుగా వ్యాపించింది. వేరు బుడిపెలలోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని పట్టుకుంటుంది కాబట్టి వట్టి ఇసుకలో కూడా ఎదుగుతుంది. నారు అమ్మే రైతు దగ్గర మొక్క చాలా చవక. చూపుకు జపాను పైను పోలిక ఉంటుంది గాని దీనితో మొదలుపెట్టకండి. రెండవ ఏట పట్టండి. తొట్టిలో నీరు ఒక్క రోజు తప్పినా తట్టుకోదు. పచ్చదనం లేని ముదురు కొమ్మ దాకా కోస్తే చాలాసార్లు మళ్లీ చిగురించదు.

రేపల్లె వైపు ఒక హెచ్చరిక. నిజాంపట్నం రేవు చుట్టూ ఉన్న మడ అడవుల్లో మెలికలు తిరిగిన మొక్కలను చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. ముట్టుకోవద్దు. తిల్ల చెట్టు పాలు కంట పడితే చూపుకే ముప్పు. అంతకు మించి, ఆ అడవి మన ఊళ్లకు కట్ట. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను ముంచి, రేపల్లె, బాపట్ల తీరాలను కూడా కొట్టి సుమారు 10,000 మందిని పొట్టన పెట్టుకున్నది. అలల విసురును విరిచేది ఆ మడ వేళ్లే. అడవి భూమిలో మొక్క పెకలించుట చట్టరీత్యా కూడా నేరము. జపాను కొండలు తవ్వకాలతో బోసిపోయిన సంగతి ఇందాక చెప్పుకున్నాము. వారు పోగొట్టుకొని నేర్చుకున్నారు. మనం పోగొట్టుకోకముందే నేర్చుకుందాము.

కొనక తప్పదనుకుంటే నర్సరీకి పొండి. కడియం మొక్కలు లారీలలో మన ఊళ్లకు వస్తూనే ఉన్నాయి. బోన్సాయి అని చీటి కట్టినది అడగకండి. మామూలు కంచె మొక్కలు, ఫైకస్ మొక్కలు ఉన్న మూలకు వెళ్లండి. నర్సరీవాడు నిటారుగా ఉన్నదానిని ముందు అమ్ముకుంటాడు. వంకరదీ, తల విరిగినదీ, రెండేళ్లుగా అమ్ముడు పోనిదీ వెనుక వరుసలో పడి ఉంటుంది. మీకు కావలసినది అదే. ధర కూడా తగ్గిస్తాడు. నాలుగు గుర్తులు చూడండి. మట్టి దగ్గర వేళ్లు నలువైపులా పరచుకోవలెను. మొదలు లావుగా మొదలై పైకి పోనుపోను సన్నబడవలెను. కొమ్మలు కింద నుంచే ఉండవలెను. ఆకు చిన్నది కావలెను. ఈ నాలుగింటిలో వేళ్లు, మొదలు ముఖ్యం. కొమ్మలు రేపు వస్తాయి. మొదలు రావటానికి ఏళ్లు పడుతుంది.

కొనకూడనివి కూడా చెప్పాలి. చలిదేశపు పైను, జూనిపరు మొక్కలు మన వడగాడ్పుకు నిలవవు. కొబ్బరి, తాడి జాతులకు ఒక్కటే మొవ్వు. అది తుంచితే చెట్టే పోతుంది, కొమ్మలు వేయదు. నిమ్మ మన తెనాలి చుట్టుపక్కల దండిగా ఉన్నా, ఆకుతొలిచే పురుగు బాధ ఎక్కువ. పైగా తొట్టిలో పెంచితే ఆకు చిన్నబడుతుంది గాని కాయ చిన్నబడదు. కాబట్టి అది అనుభవం వచ్చినాక.

ఒక్క మొక్కతో సరిపెట్టకండి. ఖరీదైన చెట్టు ఒకటి కొంటే దానిమీద కత్తి వేయటానికి భయం. కత్తి వేయనివాడికి విద్య రాదు. చవకవి పది ఉంటే రెండు చచ్చినా ఎనిమిది నేర్పుతాయి. వాటిలో నాలుగింటిని తొట్టెక్కించకుండా పొలం గట్టున నాటండి. నాటేముందు గోతి అడుగున ఒక పెంకు పరచండి; తల్లివేరు దిగక వేళ్లు పక్కలకు పాకుతాయి. రెండు మూడేళ్లు ఏపుగా పెరగనిచ్చి, కోసి, మళ్లీ పెరగనివ్వండి. నేలలో ఉన్నప్పుడే మొదలు లావెక్కుతుంది. తొట్టిలో పెట్టిన తరువాత దాదాపు ఆగిపోతుంది. పట్నంలో మేడమీద పెంచేవాడికి లేని సౌకర్యం ఇది. అతను డబ్బుతో కొనేదానిని మీరు గట్టుతో సంపాదిస్తారు.

తొట్టికి, మట్టికి కూడా ఖర్చు అక్కరలేదు. కుమ్మరి మూకుడుకు అడుగున రెండు చిల్లులు పెడితే తొట్టి. మన డెల్టా నల్లమట్టిని ఒక్కదానినే వాడితే తడిస్తే బంకై, ఎండితే బిగిసి వేరును నలుపుతుంది. ఒక పాలు మట్టి, ఒక పాలు ముతక ఏటి ఇసుక, ఒక పాలు జొన్నగింజంత ఇటుక ముక్కలు కలిపి, చివికిన పశువుల ఎరువు గుప్పెడు వేయండి. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పుంటుంది. ‘చెట్టును పస్తు పెడితేనే పొట్టిగా ఉంటుంద’నే మాట నమ్మకండి. పొట్టిగా ఉంచేది కత్తెర. తిండి తిండే, నీరు నీరే.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్నది. మట్టి, తెగులు సందేహాలకు అక్కడి పెద్దలున్నారు. పాఠశాల పిల్లలకు, మహిళా సంఘాలకు ఈ విద్య నేర్పండి గాని లక్షల ఆదాయమని ఆశ పెట్టకండి. చెప్పుకోదగిన చెట్టు కావటానికి పదేళ్లు పడుతుంది. ఆ మాట ముందే చెప్పని వ్యాపారి మొక్కల మూటతో మీ ఊరికి వస్తే, అతని లెక్క సంఘం ముందు విప్పించండి. ఒక సంఘం సొమ్ము పోతే మళ్లీ ఏ మంచి పని చెప్పినా ఆ ఊరు వినదు.

2022లో జిల్లాలు మారినప్పుడు రేపల్లె, బాపట్ల ఒక జిల్లాలోకి, తెనాలి ఇంకొక జిల్లాలోకి పోయాయి. కాని మూడు ఊళ్ల నీరు ఒకటే. 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన తరువాత పారిన కృష్ణ కాలవలు ఈ గట్లన్నిటినీ పచ్చగా చేశాయి. ఆ గట్టున, ఆ గోడన, ఆ కంచెలో మీ మొదటి చెట్టు ఇప్పటికే మొలిచి ఉన్నది. వచ్చే మృగశిరకు దానిని గుర్తుపెట్టుకోండి. ఈలోగా ఇటుక ముక్కలు కొట్టి ఉంచండి. మూకుడుకు చిల్లులు మరచిపోకండి.